ఓవర్‌క్లాక్ చేశాక సిస్టమ్ మొరాయిస్తే: లక్షణం చూసి కారణం పట్టుకోవడం

సంక్రాంతి సెలవుల్లో ఓవర్‌క్లాక్ చేసిన (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడిపే) సిస్టమ్ మార్చి దాకా బాగానే నడిచి, మేలో మొరాయించడం మన గోదావరి జిల్లాల్లో మామూలు. చిప్పు అదే, సెట్టింగూ అదే. గది వేడి మారింది, లైన్లో కరెంటు మారింది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మధ్యాహ్నం మూడింటికి, ఏసీ లేని గదిలో ఎంత నిలబడుతుందో అంతే మీ ప్రాసెసర్ అసలు వేగం. కింద చెప్పేవన్నీ ఆ లెక్కతోనే.

చేయి పెట్టే ముందు బయోస్ (బోర్డు సెట్టింగుల మెనూ) పేజీలన్నీ ఫోన్లో ఫొటో తీసుకోండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపేసి మెమరీని మామూలు వేగంలో ఉంచండి, లేకపోతే తప్పు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తేలదు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. బోర్డులో ఉండే ఆటో ఓవర్‌క్లాక్ బటన్ జోలికి పోవద్దు. ఎంత నాసి చిప్పయినా నడవాలని అది వోల్టేజీని దండిగా పోసేస్తుంది.

మల్టిప్లయర్ మార్చే చోటే కనిపించట్లేదు

మల్టిప్లయర్ అంటే బోర్డు మూల వేగాన్ని (బేస్ క్లాక్) ఎన్ని రెట్లు చేస్తే ప్రాసెసర్ వేగం వస్తుందో ఆ అంకె. దాన్ని పెంచాలంటే ఇంటెల్‌లో పేరు చివర కే, కేఎఫ్, కేఎస్ ఉన్న ప్రాసెసర్‌తోపాటు జడ్ చిప్‌సెట్ బోర్డు కూడా ఉండాలి. బి660 బోర్డు మీద 12600కే పెట్టినా మల్టిప్లయర్ పైకి కదలదు, మెమరీ వేగం మాత్రం పెంచుకోవచ్చు. ఏఎమ్‌డీ రైజెన్ చిప్పులు దాదాపు అన్నీ తెరిచే వస్తాయి గానీ ఏ320, ఏ520, ఏ620 బోర్డులు అడ్డుపడతాయి. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీ చిప్పులకు మల్టిప్లయర్ తాళం వేసే అమ్ముతారు. బేస్ క్లాక్‌ని 100 మెగాహెర్ట్జ్ దాటించి దొడ్డిదారిన లాగొచ్చని కొందరు చెబుతారు. చాలా బోర్డుల్లో పీసీఐఈ (ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు కలిసే లైను) కూడా దాని వెంటే పరుగెడుతుంది, ఎస్‌ఎస్‌డీ కనిపించకుండా పోతుంది. ఆ దారి వద్దు.

సేవ్ చేసి బయటికొస్తే తెర నల్లగా ఉంది, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి

డీడీఆర్5 బోర్డయితే కంగారు పడకుండా పది నిమిషాలు వదిలేయండి. మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌తో సర్దుకునే పని) కొత్త సెట్టింగు తర్వాత నిమిషాల తరబడి నడుస్తుంది. చచ్చిపోయిందనుకుని మధ్యలో స్విచ్ ఆపితే అది మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత కూడా రాకపోతే బోర్డు మీది చిన్న లైట్లు చూడండి. సీపీయూ లైటు వెలిగి ఉంటే మల్టిప్లయర్ ఎక్కువైంది లేదా వోల్టేజీ చాలలేదు. డీర్యామ్ లైటయితే మెమరీ.

ఇక సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చెరపడమే. గోడ స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలింది ఖాళీ అవుతుంది. సీమాస్ క్లియర్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో కొద్ది సెకన్లు కలపండి. పిన్నులు ఎక్కడున్నాయో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. దొరక్కపోతే సీఆర్2032 బటన్ బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. పాత బోర్డయితే ఆ బ్యాటరీ 2.8 వోల్టులకు దిగిపోయిందేమో మల్టీమీటర్‌తో చూడండి. దిగిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా సెట్టింగులు పోతాయి, తప్పేమో ఓవర్‌క్లాక్ మీద పడుతుంది.

లోడ్ పడగానే బ్లూ స్క్రీన్

విండోస్ చక్కగా వస్తుంది, సినీబెంచ్ (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే పరీక్ష) మొదలెట్టిన నిమిషంలో నీలి తెర. స్టాప్ కోడ్ "క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్" గానీ "వియా (WHEA) అన్‌కరెక్టబుల్ ఎరర్" గానీ అయితే, చాలామటుకు ఆ వేగానికి కోర్ వోల్టేజీ చాలట్లేదు. "మెమరీ మేనేజ్‌మెంట్" అని వస్తే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపి చూడండి.

బయోస్‌లో 1.25 వోల్టులు టైపు చేసినా, లోడ్ పడ్డప్పుడు 1.19 దాకా జారొచ్చు. దీన్ని వీడ్రూప్ అంటారు. బోర్డు కావాలనే అలా చేస్తుంది. కాబట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వేడి, వోల్టేజీ చూపే ప్రోగ్రామ్) లోడ్ నడుస్తుండగా కనిపించే వీకోర్‌నే (కోర్ వోల్టేజీ) నమ్మండి. జారుడు మరీ ఎక్కువైతే దాన్ని దిద్దే లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ని మధ్య మెట్టులో పెట్టండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఆసుస్ బోర్డుల్లో అంకె పెరిగేకొద్దీ దిద్దుబాటు గట్టిపడుతుంది, ఎమ్మెస్సై, ఏఎస్‌రాక్ బోర్డుల్లో 1 అన్నదే అన్నిటికన్నా గట్టిది. వీడియోలో ఎవరో 6 పెట్టారని మీరూ 6 పెట్టొద్దు. మరీ గట్టి మెట్టు పెడితే, లోడ్ తీసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిసిపడుతుంది. అంత చిన్న ఎగుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించదు, చిప్పు మాత్రం అనుభవిస్తుంది.

మధ్య మెట్టులోనూ కూలితే 0.01 నుంచి 0.02 వోల్టులు చొప్పున పెంచి, ప్రతిసారీ పది నిమిషాలు పరీక్షించండి. గాలి కూలర్ మీద ఇంటెల్ 8 నుంచి 11వ తరం చిప్పులకు లోడ్‌లో 1.35 వోల్టులు పైకప్పు అనుకోండి. రైజెన్ 5000 చిప్పులకు అన్ని కోర్లకూ ఒకే స్థిర వోల్టేజీ పెడితే 1.25 నుంచి 1.30 దగ్గర ఆగిపోవాలి. అక్కడికొచ్చినా కూలుతుంటే మల్టిప్లయర్ ఒకటి తగ్గించండి, బేరం లేదు.

రైజెన్ వాళ్ళకు ఒక హెచ్చరిక. ఆటోలో ఉన్నప్పుడు 1.45 వోల్టులు కనిపిస్తుంది, నిజమే. అది ఒకటీ రెండు కోర్లు తేలిక పని మీద ఉన్నప్పుడు, తక్కువ కరెంటుతో ఇచ్చేది. లోడ్ పెరగ్గానే చిప్పు తానే తగ్గించుకుంటుంది. అదే 1.45ని చేత్తో స్థిరంగా పెడితే తగ్గే దారి మూసేసినట్టే. చిప్పులు చెడిపోయేది ఇలాంటి చోటే.

వోల్టేజీ విషయంలో ఇంత పిసినారితనం ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. చిప్పు లాగే పవర్ వేగంతో నేరుగా, వోల్టేజీతో వర్గంగా పెరుగుతుంది. 4.7 గిగాహెర్ట్జ్ 1.20 వోల్టుల నుంచి 5.0 గిగాహెర్ట్జ్ 1.32 వోల్టులకు వెళ్తే వేగం పెరిగేది 6 శాతం, వేడి పెరిగేది సుమారు 29 శాతం.

ఆటలన్నీ బాగా నడిచి, ప్రైమ్95 అనే గట్టి పరీక్షలోని స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీలోనే కూలితే అది ఏవీఎక్స్ (ఒకేసారి బోలెడు లెక్కలు చేయించే ఆదేశాలు) భారం. పాత ఇంటెల్ బోర్డుల్లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ 2 ఇస్తే ఆ పని వచ్చినప్పుడు మల్టిప్లయర్ రెండు మెట్లు దిగుతుంది.

కూలదు, కానీ కాసేపటికి వేగం పడిపోతుంది

మన వాతావరణంలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఏ గీత ఎర్రబడిందో చూడండి. "పవర్ లిమిట్ ఎక్సీడెడ్" అయితే బోర్డు పెట్టిన వాట్ల హద్దు అడ్డు, వేడి కాదు. "థర్మల్ థ్రాట్లింగ్" అయితే వేడే. రెండూ లేకుండా వేగం పడితే వీఆర్‌ఎమ్ (ప్రాసెసర్‌కి వోల్టేజీ అందించే బోర్డు భాగం) వేడెక్కి ఉండొచ్చు. చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ ముక్క కూడా ఉండదు. దాని మీదికి గాలి తోలేలా ఒక ఫ్యాన్ పెట్టండి, లేదా వాట్లు తగ్గించండి.

ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 5800ఎక్స్‌కి 90, రైజెన్ 7000 ఎక్స్ చిప్పులకు 95. రైజెన్ 7000 చిప్పులు భారీ పనిలో 95 తాకడం వాటి తయారీలోనే ఉంది, దానికి బెంగ అక్కర్లేదు. మిగతావాటికి గది లెక్క చూడాలి. జనవరిలో గది 25 డిగ్రీలున్నప్పుడు లోడ్‌లో 80 చూపించిన చిప్పు, మేలో గది 38 అయితే ఇంచుమించు 93 చూపిస్తుంది. గది ఎంత పెరిగితే చిప్పు అంత పెరుగుతుంది. కాబట్టి శీతాకాలంలో ట్యూన్ చేసేవాళ్ళు లోడ్‌లో 75 దాటకుండా ఆపుకోవాలి. ఉక్కపోత బాధ మనిషికే, చెమటతో చల్లబడే అవసరం హీట్‌సింక్‌కి లేదు. దానికి పట్టేది గాలి వేడి మాత్రమే. ఈ తేమలో గదిలో పెట్టే నీళ్ళ ఎయిర్ కూలర్ తెచ్చే చల్లదనం కొంచెమే, పైగా తేమంతా కేసు లోపలికి పోతుంది. దాన్ని సీపీయూ వైపు తిప్పొద్దు.

వేడి ఎక్కే తీరే సగం కారణం చెబుతుంది. పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలో హద్దు తాకితే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, పేస్టు ఎండింది, లేదా వాటర్ కూలర్ పంపు తిరగట్లేదు. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్టు తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టి, స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి. అలాకాక పది పదిహేను నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కితే కేసులోకి గాలి ఆడట్లేదు. తణుకు వైపు రైసుమిల్లుల దగ్గరుండేవాళ్ళ ఫిల్టర్లలో ఊక దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు నూగు ఫెల్టులా పేరుకుంటాయి. వేసవిలో నెలకోసారి ఊదించాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ర్యామ్ అంచులు, కనెక్టర్లు కూడా ఏడాదికోసారి చూసుకోవడం మంచిది.

ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతోంది

గంటసేపు ప్రైమ్95 తట్టుకున్న రైజెన్, బ్రౌజర్ తెరిచి వదిలేస్తే రీస్టార్ట్ అవుతుంది. కారణం కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఒక్కో కోర్‌కి వోల్టేజీ తగ్గించే రైజెన్ సెట్టింగు) మైనస్ ఎక్కువవడం. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు వేగం తక్కువ, కాబట్టి తగ్గించిన వోల్టేజీ సరిపోతుంది. ఒక్క కోరే అత్యధిక వేగానికి ఎగబాకే తేలిక పనిలో చాలదు. విండోస్ ఎర్రర్ల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో వియా లాగర్ 18వ నంబర్ ఎర్రర్ తెరిచి ఏపిక్ ఐడీ (తప్పు ఏ కోర్‌దో చెప్పే నంబర్) చూడండి. ఎనిమిది కోర్ల చిప్పులో దాన్ని రెండుతో భాగిస్తే కోర్ నంబర్ వస్తుంది: 6, 7 అయితే మూడో నంబర్ కోర్, లెక్క సున్నా నుంచి. ఆ కోర్‌కి మైనస్ 20 ఉంటే మైనస్ 15 చేయండి. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. తయారీదారు మేలైనవని గుర్తు పెట్టిన కోర్లే ముందు కూలుతుంటాయి, అవి అందరికన్నా ఎక్కువ వేగానికి పోయేవి మరి. కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో కోర్‌నూ విడివిడిగా రాత్రంతా నడిపితే తేలిపోతుంది.

నీలి తెర లేకుండా టప్పున ఆరిపోతోంది

ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 ఎర్రర్‌లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే విండోస్‌కి కూలే టైము కూడా దొరకలేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ (కేసులోని పవర్ సప్లై) గానీ, యూపీఎస్ గానీ, గోడ కరెంటు గానీ చూడాలి.

600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ 150, గ్రాఫిక్స్ కార్డు 200, మానిటర్ కలిపితే అది దాటిపోయింది. సిస్టమ్‌ని కాసేపు నేరుగా గోడకు పెట్టి అదే పరీక్ష నడపండి. నిలబడితే దోషం యూపీఎస్‌దే. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీకి (కరెంటు లాగే తీరుని సరిదిద్దే సర్క్యూట్) చవక యూపీఎస్, ఇన్వర్టర్ల మెట్లమెట్ల తరంగం పడకపోవచ్చు. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకుని, వెనక స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి.

ఉండి, ఆకివీడు లాంటి రొయ్యల చెరువుల ఊళ్ళలో రాత్రి ఏరేటర్లన్నీ తిరిగే వేళ వోల్టేజీ పడిపోతే ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి. ఇన్‌పుట్ 200 నుంచి 240 అని ఉన్నది 180 వోల్టుల దగ్గర ఆగిపోవచ్చు, 100 నుంచి 240 అని ఉన్నది తట్టుకుంటుంది. కేసు ముట్టుకుంటే జివ్వుమంటుంటే ఎర్త్ లేదు. ఓవర్‌క్లాక్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సీపీయూ ఎనిమిది పిన్నుల కనెక్టర్‌లో నాలుగే పెట్టి నడిపేస్తున్నారేమో కూడా చూసుకోండి.

నిరుడు నిలబడ్డ సెట్టింగు ఇప్పుడు నిలబడట్లేదు

దుమ్ము, పేస్టు, కరెంటు అన్నీ సరిగ్గా ఉన్నా అదే వేగానికి ఇదివరకటి కంటే 0.03 వోల్టులు ఎక్కువ అడుగుతుంటే చిప్పు అరిగింది. వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఇంకా అరుగుతుంది. వేగం 100, 200 మెగాహెర్ట్జ్ దించేయండి. ఇంటెల్ 13, 14వ తరం చిప్పులైతే మీరేమీ చేయకపోయినా ఇలా జరిగి ఉండొచ్చు. చిప్పు అవసరానికి మించి వోల్టేజీ అడిగే ఆ లోపానికి ఇంటెల్ 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ సవరణ ఉన్న బయోస్ ఎక్కించకుండా వీటిని ఓవర్‌క్లాక్ చేయడం శుద్ధ దండగ. ఇప్పటికే అరిగిన చిప్పుని సవరణ బాగుచేయదు, వారంటీకి పంపాల్సిందే.

బయోస్ ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్ ఫాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉండాలి. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచే సూచన ఉంటే మర్నాటికి వాయిదా వేయండి. అయ్యాక పాత ప్రొఫైల్ లోడ్ చేయకుండా సెట్టింగుల్ని చేత్తో ఎక్కించండి. వెర్షన్ మారితే పాత ప్రొఫైల్‌ని బోర్డు తీసుకోకపోవచ్చు, తీసుకున్నా ఒకటో రెండో అంకెలు తప్పుగా పడొచ్చు.