హేవలాక్ వంతెనను నమూనా రైలుమార్గం కోసం చూడటం ఎలా?

రాజమహేంద్రవరంలో 1900 నుంచి 1997 వరకు రైళ్లను మోసిన హేవలాక్ వంతెనకు నమూనా చేయదలచినవారు, ఉదయపుటెండ వీపున పడేలా ఊరివైపు గట్టున నిలబడి చూడటం మంచిది. రాతి స్తంభాల వరుసలను, వాటిపై ఉక్కు గర్డర్ల అల్లికను నోటు పుస్తకంలో గీసుకోండి. ఫొటోలో నీడ మింగేసే వివరం చేతి గీతలో నిలుస్తుంది.

మొత్తం 56 స్పాన్‌లూ (రెండు స్తంభాల మధ్య భాగాలు) కట్టాలని ఆశపడవద్దు. ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్లు కాబట్టి, 1:87 స్కేలులో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా చేస్తే, అది 52 సెంటీమీటర్లు దాటుతుంది. మూడింటికే మీటరున్నరకు మించిన బల్ల కావాలి. ఈ స్కేలులో సాధారణంగా దొరికే పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజికి 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి గనుక, పట్టాలు స్వయంగా పరచుకోవడమే నిజాయితీగల పని.