వాటర్ కూలింగ్ లూప్ మొరాయిస్తే ముందు నీటి వేడి చూడండి

మే నెల మధ్యాహ్నం విజయవాడలో మా గది 38 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు నా కంప్యూటర్ లూప్‌లోని (చిప్ వేడిని మోసుకెళ్లే నీటిని పంపు తిప్పే గొట్టాల వలయం) నీరు 49 దగ్గర, గ్రాఫిక్స్ చిప్ 66 దగ్గర ఉంటాయి. ఈ అంకెలు చూసి లూప్ చెడిపోయిందని కంగారుపడేవారు చాలామంది. నిజానికి అది సవ్యంగానే పనిచేస్తోంది. ఫ్యాన్ల గాలితో నీటిని చల్లబరిచే రేడియేటర్ ఎంత పెద్దదైనా నీటిని గదిలోని గాలి కన్నా చల్లబరచలేదు. గాలి కన్నా పది, పన్నెండు డిగ్రీలు ఎక్కువలో నిలబెట్టిందంటే అది తన పని చేసినట్టే. 22 డిగ్రీల గదుల్లో తీసిన కొలతలతో మన ఎండాకాలాన్ని పోల్చుకుని, బాగున్న లూప్‌ను విప్పి పాడుచేసుకోవద్దు.

సమస్య ఏదైనా మూడు అంకెలు పక్కపక్కన రాసుకోండి: గది వేడి, నీటి వేడి, చిప్ వేడి. మొదటిదానికి గోడ మీది థర్మామీటరు చాలు. మూడోది ఏ సాఫ్ట్‌వేర్ అయినా చూపిస్తుంది. రెండోదానికి మాత్రం విడిగా సెన్సర్ కావాలి. రిజర్వాయర్‌కో (నీటి తొట్టి), బ్లాక్‌కో (చిప్ మీద కూర్చుని దాని వేడిని నీటికి ఇచ్చే భాగం) ఖాళీగా ఉన్న రంధ్రంలో మూతలా బిగించేవి దొరుకుతాయి. మదర్‌బోర్డు మీద దానికి తగిన రెండు పిన్నుల చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. రంగుల లైట్లకు పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టండి. సెన్సర్ లేని లూప్‌కు జబ్బు వస్తే ఊహల మీద వైద్యం చేయాల్సి వస్తుంది.

పని మొదలైన క్షణాల్లోనే చిప్ 90 దాటుతోంది, నీరు మాత్రం చల్లగానే ఉంది

వేడి పుడుతోంది కానీ నీటిలోకి దిగడం లేదు. లోపం చిప్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉంది, లేదా బ్లాక్ లోపల ఉంది. రేడియేటర్ జోలికి వెళ్లకండి.

బ్లాక్ విప్పి థర్మల్ పేస్ట్ (చిప్‌కీ బ్లాక్‌కీ మధ్య రాసే, వేడిని దాటించే లేపనం) అచ్చు చూడండి. ఒక మూల పల్చగా, మరో మూల మందంగా ఉంటే స్క్రూలు సమంగా బిగియలేదు. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతదానికి వెళ్లకుండా, ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. బ్లాక్ అడుగున రక్షణగా అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరను తీయడం మరిచారేమో కూడా చూడండి. గ్రాఫిక్స్ కార్డులో ఇంకో చిక్కుంది: మెమరీ మీద వేసే థర్మల్ ప్యాడ్ చెప్పిన మందం కన్నా అర మిల్లీమీటరు ఎక్కువైనా బ్లాక్ పైకి లేచి చిప్‌ను సరిగా తాకదు.

పేస్ట్ బాగానే ఉంటే గొట్టాలు ఏ రంధ్రానికి వెళ్తున్నాయో చూడండి. చాలా ప్రాసెసర్ బ్లాకుల్లో నీరు లోపలికి వెళ్లే రంధ్రం, బయటికి వచ్చే రంధ్రం వేరుగా గుర్తించి ఉంటాయి. లోపలికి వచ్చే నీరు సన్నటి రాగి రెక్కల నడిమి మీద పడేలా చేసిన అమరిక అది. తిప్పి కలిపితే పనిచేస్తుంది, కానీ కొన్ని డిగ్రీలు నష్టం.

ఒక్క మినహాయింపు. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరసలోని పెద్ద ప్రాసెసర్లు పూర్తి భారంలో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే రూపొందాయి. అక్కడ చిప్ వేడి కన్నా అది నిలబెట్టుకుంటున్న వేగం చూడటం మేలు.

అరగంటలో మెల్లగా పెరుగుతోంది, నీరు కూడా వేడెక్కుతోంది

నీరు గది కన్నా 15, 20 డిగ్రీలు పైకి పోతుంటే తప్పు రేడియేటర్ వైపు ఉంది. కేబినెట్ పక్క తలుపు తీసి పావుగంట ఆగండి. నీరు నాలుగైదు డిగ్రీలు దిగితే రేడియేటర్‌కు దొరుకుతున్నది గది గాలి కాదు, కేబినెట్ లోపల మరిగిన గాలి అని అర్థం. ఒక రేడియేటర్ వదిలిన వేడి గాలినే రెండోది పీల్చుకునేలా ఫ్యాన్లు అమరి ఉండవచ్చు. ముందువైపు ఫ్యాన్ల దిశ తిప్పి చూడండి.

తలుపు తీసినా మార్పు లేకపోతే దుమ్ము. మన ఊళ్లలో రెండు నెలలకే రేడియేటర్ రెక్కల మధ్య బూజులాంటి పొర కడుతుంది. ఫ్యాన్లు విప్పితే తప్ప అది కనిపించదు. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

దుమ్మూ లేదంటే రేడియేటరే చాలడం లేదు. వంద వాట్ల వేడికి ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టేంత రేడియేటర్ అన్నది మోటు లెక్క. మన వేసవికి దాని మీద ఇంకొకటి కలుపుకోవాలి. ఎందుకంటే పంపులకు, గట్టి ప్లాస్టిక్ గొట్టాలకు తయారీదారులు సాధారణంగా చెప్పే పరిమితి 60 డిగ్రీలు. గదే 40 ఉన్నప్పుడు మనకు మిగిలే జాగా 20 డిగ్రీలే.

రెండు మూడు నిమిషాల్లో కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతోంది

నీరు కదలడం లేదు. బ్లాక్‌లోకి వెళ్లే గొట్టాన్ని, బయటికి వచ్చే గొట్టాన్ని చేత్తో తాకి చూడండి. నిమిషానికి 4 లీటర్లు ప్రవహిస్తుంటే సుమారు 280 వాట్ల వేడికి నీరు పెరిగేది ఒక్క డిగ్రీ మాత్రమే, కాబట్టి రెండు గొట్టాలూ చేతికి ఒకేలా తగలాలి. ఒకటి చల్లగా, ఒకటి కాలిపోతూ ఉంటే ప్రవాహం దాదాపు ఆగిపోయిందన్నమాట. (ముందు ప్రాసెసరా, ముందు గ్రాఫిక్స్ కార్డా అన్న వాదనకు కూడా ఇదే లెక్క జవాబు: వరస ఏదైనా తేడా స్వల్పం.)

మొదట పంపుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. డి5 రకం పంపు పూర్తి వేగంలో 20 వాట్లకు పైగా తీసుకుంటుంది. మదర్‌బోర్డు మీది మామూలు ఫ్యాన్ పిన్నులు ఇవ్వగలిగేది 12 వాట్లే. కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచి తీసుకుని, వేగం చెప్పే తీగలు మాత్రమే బోర్డుకు ఇవ్వాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల మెనూ) ఆ పిన్నుల వేగం చిప్ వేడిని బట్టి తగ్గేలా ఉంటే, స్థిరంగా ఉండేలా మార్చండి.

పంపు తిరుగుతున్నా నీరు కదలకపోతే దాని నోట్లో గాలి ఇరుక్కుంది. ఇసుక నలిగినట్టు శబ్దం వస్తే వెంటనే ఆపేయండి. ఈ పంపుల బేరింగుకు లోపలి నీరే కందెన. ఎండిపోయి తిరిగితే కొద్దిసేపట్లోనే పాడవుతుంది. రిజర్వాయర్ పంపు కన్నా ఎత్తులో ఉండాలి, నీరు తన బరువుతోనే పంపులోకి దిగాలి. నింపేటప్పుడు రెండు మూడు సెకన్లు నడిపి, ఆపి, మళ్లీ నింపండి. తర్వాత మూత బిగించి కేబినెట్‌ను ముందుకీ వెనక్కీ, పక్కలకీ వంచితే రేడియేటర్‌లో దాగిన గాలి బయటపడుతుంది. చివరి చిన్న బుడగలు పోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ గలగలకు భయపడనక్కరలేదు.

నీటి రంగు మారింది

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా మొదటి లూప్ ఇక్కడే పోయింది. ఇంట్లో ఫిల్టర్ చేసిన ఆర్‌ఓ నీరు పోశాను. తాగడానికి శుభ్రమైన నీరు లూప్‌కు కూడా శుభ్రమే అనుకున్నాను. నాలుగు నెలలకు బ్లాక్ విప్పితే రెక్కల మీద గీజర్ కాయిల్ మీద కనిపించేలాంటి తెల్లటి గట్టి పొర. ఆర్‌ఓ లవణాలను తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. బోరు నీటి సంగతి చెప్పనే అక్కరలేదు. డిస్టిల్డ్ వాటర్, లూప్‌ల కోసమే చేసిన కూలెంట్, ఈ రెండు తప్ప మరేదీ పోయకండి.

తెల్లటి పొర గీరితే రాలేంత గట్టిగా ఉంటే అది లవణం. మెత్తగా, జిగురుగా, బూడిదరంగులో రెక్కల మధ్య ఇరుక్కుంటే అది మెత్తటి పారదర్శక పీవీసీ గొట్టాల నుంచి ఊరిన పదార్థం. బ్లాక్ విప్పి మెత్తటి బ్రష్షుతో తోమి, గొట్టాలను నల్లటి ఈపీడీఎం రబ్బరువి వేయండి. అందం తగ్గుతుంది కానీ ఈ బెడద ఉండదు.

ఆకుపచ్చ రంగు వస్తే వేలితో తాకండి. జారుడుగా, వాసన వేస్తుంటే పాచి. కిటికీ వెలుగు పడే రిజర్వాయర్‌లో, పాచి మందు కలపని డిస్టిల్డ్ వాటర్‌లో అది పెరుగుతుంది. మొత్తం ఖాళీ చేసి కడగాలి. పైపైన మందు వేస్తే చచ్చిన పాచి వెళ్లి బ్లాక్‌లో అడ్డుపడుతుంది. జారుడు లేకుండా నీలిపచ్చగా ఉంటే రాగి కరుగుతోంది.

అన్నిటికన్నా చెడ్డది మసిలాంటి నలుపు, నీటిలో తేలే పొరలు. పాత రెడీమేడ్ కూలర్‌లోని అల్యూమినియం రేడియేటర్‌ను రాగి బ్లాక్‌తో కలిపినప్పుడు ఇలా అవుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే బ్యాటరీలోలాగే ఒకటి కరిగిపోతుంది, ఇక్కడ కరిగేది అల్యూమినియం. ఏ మందుతోనూ దీన్ని ఎక్కువ కాలం ఆపలేరు. ఆ రేడియేటర్ తీసేసి రాగి, ఇత్తడితో చేసినది వేయండి.

ఫ్యాన్లు క్షణానికోసారి హోరెత్తి తగ్గుతున్నాయి

వాటి వేగం చిప్ వేడికి ముడిపడి ఉంది. నీటి వేడికి ముడిపెట్టండి. గదికీ నీటికీ మధ్య తేడాను బట్టి వేగం మారేలా పెట్టగలిగితే ఇంకా మంచిది. లేకపోతే వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి అమరిక ఉంచుకోండి.

ఫిట్టింగ్ దగ్గర తడి కనిపించింది

విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో దీన్ని గాలి తేమ అనుకుని తుడిచేస్తారు. నడుస్తున్న లూప్ గది కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి దానికి చెమట పట్టదు. ఏసీ గదిలో రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున కిటికీలు తెరిచినప్పుడు మాత్రం కాసేపు పట్టవచ్చు. మిగతా ఏ వేళైనా తడి అంటే లీకే.

గోడ మీది స్విచ్ ఆపి, ప్లగ్ పీకండి. గొట్టం కొలత, ఫిట్టింగ్ కొలత ఒకటేనా చూడండి. 10/13 గొట్టం (లోపలి, బయటి వ్యాసాలు మిల్లీమీటర్లలో) 10/16 ఫిట్టింగ్‌లో ఎప్పటికీ నిలవదు. గట్టి గొట్టమైతే కోసిన అంచు గరుకు తీయకుండా దూర్చినప్పుడు ఓ-రింగ్ (నీరు కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) చీరుకుపోయి ఉంటుంది. కారుతోందని పానాతో బిగించకండి, అక్రిలిక్ బ్లాక్ పగులుతుంది. చేత్తో బిగిస్తే ఆగనిది పానాతో ఆగినా ఎక్కువ రోజులు ఆగదు.

నీరు బోర్డు మీద పడి ఉంటే దాని గుండ్రటి సెల్ తీసేసి, తడిసిన చోట 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఆ రెండు రోజుల్లో లూప్‌ను విడిగా పరీక్షించండి: చేతిపంపుతో సుమారు అర బార్ గాలి ఎక్కించి అరగంట ఉంచితే దాని మీటరు ముల్లు దిగకూడదు. దిగితే సబ్బు నురుగు రాసి చూడండి, బుడగ వచ్చిన ఫిట్టింగ్‌లో కొత్త ఓ-రింగ్ వేసి మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి.