జాతకం చదవడం నేర్చుకుందాం – 9వ పాఠం: క్లాసు మొత్తానికీ ఒకే శని

పోయిన పాఠంలో లగ్నం, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయిస్తున్న రాశి, చూశాం. సుమారు రెండు గంటలకొకసారి మారిపోతుంది కాబట్టి పుట్టిన టైము సరిగ్గా ఉండాలని చెప్పుకున్నాం. ఈసారి శని లాంటి తొందర లేని గ్రహాల సంగతి.

మా పిన్ని కొడుకు 1999 నవంబరులో పుట్టాడు. 2021లో ఇంజినీరింగ్ అయింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చింది కానీ జాయినింగ్ డేటు మాత్రం నెలలు గడిచినా రాలేదు. పిన్ని టెన్షన్ పట్టలేక జాతకం పట్టుకుని ఒక సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చక్రం వైపు ఒక్కసారి చూసి, "శని నీచలో ఉన్నాడమ్మా, అందుకే ఈ ఆలస్యం" అన్నారట. ఆ రాత్రి పిన్ని అన్నం తినలేదు. పిల్లాడేమో తనలోనే ఏదో లోపం ఉందనుకున్నాడు.

సిద్ధాంతిగారు అబద్ధం చెప్పలేదు. 1998 ఏప్రిల్ నుంచి 2000 జూన్ మొదటి వారం దాకా శని మేషంలోనే ఉన్నాడు. మేషం శనికి నీచ స్థానం, అంటే బలం బాగా తగ్గే రాశి. బహుధాన్య, ప్రమాది సంవత్సరాల్లో పుట్టిన పిల్లల్లో దాదాపు ఎవరి జాతకం తెరిచినా ఈ నీచ శనే కనిపిస్తాడు. అంటే వాడి క్లాసులో ఇంచుమించు అందరికీ అదే శని. ప్లేస్‌మెంట్స్ మొదటి రోజునే ఉద్యోగం కొట్టిన పిల్లకూ అదే, సప్లీలు రాస్తూ కూర్చున్నవాడికీ అదే. అలాంటప్పుడు ఆ ఒక్క ముక్క పట్టుకుని మా వాడి గురించి ఏం చెప్పగలం?

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదే. జాతకం చేతికి రాగానే, అందులో ఈ మనిషి సొంతం ఏది, ఆ ఈడువాళ్లందరికీ ఉమ్మడి ఏది అని ముందు వేరు చేయాలి.

వేరు చేయడానికి గ్రహాల నడక తెలిస్తే చాలు. చంద్రుడు ఒక రాశిలో రెండుంపావు రోజులుంటాడు, రవి నెల రోజులు. గురుడు ఏడాది, రాహుకేతువులు ఏడాదిన్నర, శని రెండున్నరేళ్లు. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడని అర్థం, పాతవాళ్లు మందుడనీ అన్నారు. గురువు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఈ చివరి వాళ్లంతా ఉమ్మడి ఖాతా. లగ్నం, చంద్రుడు సొంత ఖాతా. రవి, బుధ, శుక్ర, కుజులు మధ్యలో ఉంటారు, వాళ్లని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఇప్పుడు చేతిపని. మీ ఇంట్లో ఒకే ఈడు పిల్లల జాతకాలు మూడు తీసుకోండి, అక్కచెల్లెళ్ల పిల్లలవైతే మరీ మంచిది. మన చతురస్రపు చక్రంలో పై వరుసలో ఎడమ మూల గడి మీనం, దాని పక్కది మేషం, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపే వెళ్లాలి. మూడు చక్రాలూ పల్చటి కాగితం మీద ఒకే కొలతలో గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూడండి. నేను మా పిల్లలవి ముగ్గురివీ పెట్టి చూశాను. మూడు 'శ'లూ మేషం గడిలో ఒకదాని మీద ఒకటి నల్లగా కూర్చున్నాయి. 'ల' మాత్రం ఒకటి కర్కాటకంలో, ఒకటి తులలో, ఇంకొకటి కుంభంలో.

లగ్నం ఉన్న గడిని ఒకటో ఇల్లుగా లెక్కపెడితే, కర్కాటక లగ్నానికి మేషం పదో ఇల్లు, ఉద్యోగ స్థానం. అక్కడ నీచ శని అంటే జ్యోతిషం ఆలస్యమనీ, పై అధికారులతో చిక్కులనీ చెబుతుంది. కుంభ లగ్నానికి అదే మేషం మూడో ఇల్లవుతుంది. 3, 6, 11 స్థానాల్లో శని లాంటి పాపగ్రహాలు మేలు చేస్తారని సూత్రం. పైగా కుంభానికి శనే అధిపతి. ఇక్కడ అదే శనిని పట్టుదల, సొంత కష్టం అని చదువుతారు. నీచభంగం, అంటే నీచ దోషం రద్దవడం కూడా కుజుడు, రవి లగ్నం నుంచో చంద్రుడి నుంచో కేంద్రాల్లో (1, 4, 7, 10 ఇళ్లలో) ఉన్నారా అన్నదాన్ని బట్టి తేలుతుంది కాబట్టి, అదీ మనిషికో రకం.

మరి ఉమ్మడి ఖాతాతో పనేం లేదా? ఉంది. తరం గురించి మాట్లాడేది దానితోనే. శని శ్రమకీ, ఆలస్యానికీ, కొలువుకీ కారకుడు. నీచలో ఉంటే ఒక ఈడువాళ్లందరికీ పని దగ్గర నిలకడ ఆలస్యంగా వస్తుందని చదువుతారు. 1998-99లో పుట్టి ఇంజినీరింగ్ చేసినవాళ్లు సరిగ్గా 2020 కరోనాలో బయటికొచ్చారు కదా, చూశారా అంటారు. 1983, 84ల్లో పుట్టినవాళ్లకి శని తులలో ఉచ్చ, అంటే మంచి బలంతో ఉన్నాడు, వాళ్లు చదువు ముగించేసరికి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్నాయి. బాగానే అతికింది. కానీ ఆ ఉచ్చ శనితోనే పుట్టి, వానలు లేక బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతులు అదే ఊళ్లలో ఉన్నారు. అందుకే తరం ఫలితం చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించి చెబుతాను. ముందు ఆ ఏడాది దేశంలో ఏం జరిగిందో చూస్తాను, శని దగ్గరికి ఆ తర్వాతే వస్తాను.

ఒక చిక్కు. ఫోన్ యాప్‌లలో "ప్లూటో వృశ్చికంలో ఉన్న తరం" లాంటి మాటలు కనిపిస్తుంటాయి. యురేనస్‌ని 1781లో, నెప్ట్యూన్‌ని 1846లో, ప్లూటోని 1930లో కనిపెట్టారు. మన నవగ్రహాల్లో ఇవి లేవు. పాశ్చాత్యులు తరాలను ఎక్కువగా వీటితోనే చదువుతారు. ప్లూటో సూర్యుణ్ణి చుట్టడానికి 248 ఏళ్లు పడుతుంది. దాని దారి బాగా సాగదీసిన కోడిగుడ్డులా ఉండటంతో ఒక రాశిలో పన్నెండేళ్లే ఉంటే, ఇంకో రాశిలో ముప్పై ఏళ్లు ఉంటుంది. అసలు తకరారు అయనాంశ దగ్గర. వాళ్లది సాయనం, అంటే రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కపెడతారు. మనది నిరయనం, స్థిర నక్షత్రాలను బట్టి లెక్క. ఈ రెండింటి తేడానే అయనాంశ, ఇప్పుడు 24 డిగ్రీల పైనే. వాళ్ల లెక్కలో 1984 నుంచి 1995 దాకా వృశ్చికంలో ఉన్న ప్లూటో, మన లెక్కలో ఎక్కువ కాలం తులలోనే ఉంది. రెండు పద్ధతుల మాటలూ కలిపి ఒకే జాతకంలో వాడకండి, పులిహోర అయిపోతుంది.

ఇంకో మాట. పుట్టినప్పుడు చక్రంలో ఉన్న శని వేరు, ఏలినాటి శని వేరు. రెండోది గోచారం, అంటే శని ఇప్పుడు నడుస్తున్న చోటు, జాతకంలో చంద్రుడున్న రాశి నుంచి లెక్క. ఒకే క్లాసులో పన్నెండు రాశుల వాళ్లూ ఉంటారు కాబట్టి అది క్లాసు మొత్తానికి ఒకేసారి పట్టదు.

వచ్చే పాఠం 60 ఏళ్ల చక్రం గురించి. ఈలోగా మీ ఇంట్లో 1961లో పుట్టినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల జాతకం, 2020 చివర్లో పుట్టిన పాప జాతకం పక్కపక్కన పెట్టి గురుడు, శని ఏ గడుల్లో ఉన్నారో రాసుకోండి. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి ఎన్నేళ్లవుతుందో వేళ్ల మీద లెక్కేయండి. షష్టిపూర్తి పీటల మీద కూర్చున్న తాతగారిని అక్కడి నుంచే మొదలుపెడదాం.