దుకాణం కంప్యూటరుకు విండోస్‌ను నమ్మాలా, లినక్స్‌ను నమ్మాలా?

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు విండోస్ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారితే వైరస్ బెడద తీరుతుందా అని అడిగినప్పుడు, నేను ముందుగా చూడమనేది ఒక్కటే: లోపం బయటపడ్డాక దాని సవరణ మీ కంప్యూటరుకు ఎన్నాళ్లకు చేరుతోంది? 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ విడుదల చేసినా, అప్‌డేట్ వేయని యంత్రాలు దెబ్బతిన్నాయి. ఇక లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడు అందరికీ కనిపించినంత మాత్రాన ఎవరో ఒకరు చదివే ఉంటారనుకోవడమూ పొరపాటే. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపేందుకు వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2014లో బయటపడేదాకా రెండేళ్లు అలాగే ఉంది. అయితే 2024లో లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిన దొంగదారిని, లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకోగలిగాడంటే, కోడు తెరిచి చూసే వీలుండటమే కారణం. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి కావడం విశేషం.

ట్యాలీ విండోస్ కోసం తయారైనది కనుక లెక్కల యంత్రంలో విండోస్‌నే ఉంచండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి ఏ వెర్షనో చూడండి. విండోస్ 10 సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా సవరణలు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమని అడిగే క్రాక్ కాపీ (లైసెన్సు లేని దొంగ కాపీ) మీద ఇక భద్రత మాటే అనవసరం.

విండోస్ 11 కోరే టీపీఎం 2.0 (భద్రతా చిప్) లేని పాత యంత్రాన్ని లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుకు మార్చి, బ్యాంకు పనికి వాడుకోవచ్చు. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా ఉబుంటు సొంత సైటు నుంచే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్) ఫైలు దించుకుని, దాని ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలు మారితే మారిపోయే, దాని వేలిముద్ర లాంటి కోడ్) సైటులోని విలువతో సరిచూడండి. రెండింటినీ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికిస్తే 64 అక్షరాలూ ఒకే వరుసలో కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఫైలు తీసేసి మళ్లీ దించుకోండి. ఆపై సాఫ్ట్‌వేర్ అంతా ఉబుంటు సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారం (రిపోజిటరీ) నుంచే తీసుకోండి.

రెండింటిలోనూ రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని ఖాతా వాడండి. ట్యాలీ డేటాను వారానికోసారైనా బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, కేబుల్ తీసి ఆ డిస్కును బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ ఆ కాపీని కూడా తాళం వేసేస్తుంది.