తుఫాన్ల రోజులకి ముందే ఇంటి సర్వర్ ఖాళీ చేసేవాళ్లు చూసుకోవాల్సినవి

ఇంట్లోనే చిన్న సర్వర్ (ఎప్పుడూ నడుస్తూ ఫైళ్లు దాచే కంప్యూటర్) పెట్టుకుని ఫొటోలు, షాపు లెక్కలు, స్కాన్ చేసిన పట్టాదారు పాసుపుస్తకాలు అందులో దాచుకున్నవాళ్లు మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఉన్నారు. వాటిని నెలనెలా డబ్బు కట్టే ఆన్‌లైన్ సర్వీసుకి మార్చాలనుకుంటే తప్పకుండా మార్చండి. కానీ సెప్టెంబరు సగానికల్లా పని ముగించండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న వచ్చాయి. నాలుగూ ఆ రెండు మూడు వారాల్లోనే. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. ఆ తర్వాత ఉద్దానం ఊళ్లలో స్తంభాలు మళ్లీ నిలబెట్టి కరెంటు ఇవ్వడానికి రోజులకి రోజులు పట్టింది. ఇన్వర్టర్‌ది గంటల లెక్క, తుఫానుది రోజుల లెక్క.

ముందు మీ నెట్ అప్‌లోడ్ స్పీడు ఎంతో చూసుకోండి. డౌన్‌లోడ్ స్పీడు ఇక్కడ పనికిరాదు. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 1 టీబీ ఎక్కడానికి ఎక్కడా ఆగకపోయినా నాలుగున్నర రోజులు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఇంకా ఎక్కువే. అన్నీ ఎక్కించాలనీ లేదు. సినిమాలు ఇంట్లోనే ఉండనివ్వండి, పోతే మళ్లీ దొరుకుతాయి. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాలు, షాపు లెక్కలు ముందు ఎక్కించండి.

ఆర్‌క్లోన్ లాంటి, ఫైళ్లు ఆన్‌లైన్‌కి ఎక్కించే టూల్ వాడేవాళ్లకి గట్టిగా చెప్పేది ఒకటుంది. ‘కాపీ’ వాడండి, ‘సింక్’ జోలికి పోకండి. సింక్ అంటే ఇటు ఇంటి సర్వర్లో లేనిదాన్ని అటు ఆన్‌లైన్‌లో కూడా తీసేయడం. కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచినా హార్డ్‌డిస్క్ మౌంట్ కాలేదనుకోండి (సర్వర్‌కి జతపడలేదనుకోండి), ఇటు ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు సింక్ నడిస్తే ఎక్కించినదంతా అక్కడ తుడిచిపెట్టుకుపోతుంది. కాపీ అయ్యాక ‘చెక్’ కమాండ్‌తో రెండు వైపులా ఫైళ్లు సరిపోయాయో లేదో చూడండి. షాపు లెక్కలు డేటాబేస్‌లో ఉంటే, అది నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చేయడం ప్రమాదం. లెక్కల ప్రోగ్రాం మాత్రం ఆపి, డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా (డంప్) తీసి, ఆ ఫైల్ ఎక్కించండి.

ఫొటోల దగ్గర నష్టం వెంటనే కనపడదు. ఇమిచ్, నెక్స్ట్‌క్లౌడ్ లాంటి, ఇంటి సర్వర్లో ఫొటోలు చూపించే యాప్‌లలో మీరు కట్టిన ఆల్బములు, ముఖాలకి పెట్టిన పేర్లు మామూలుగా ఫొటో ఫైల్‌లో ఉండవు, సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. తాతగారి షష్టిపూర్తి ఫొటోలో వెనక వరసలో ఉన్నవాళ్లు ఎవరెవరో అమ్మమ్మని అడిగి పేర్లు రాసుకున్నారనుకోండి. ఫొటో మాత్రమే అటు వెళ్తుంది, పేర్లు వెళ్లవు. చెప్పే పెద్దవాళ్లు లేకపోతే ఆ పేర్లు మళ్లీ రావు. సర్వర్ ఆపకముందే ఆ పేర్లను విడిగా ఒక ఫైల్‌లో రాసి ఫొటోల పక్కన పెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో తీసిన తేదీ ఉండదు కాబట్టి అవి తప్పు తేదీ కింద పడొచ్చు. పాత ఫొటోలు కొన్ని తెరిచి తేదీలు చూడండి.

అకౌంటు ఎవరి పేరున తెరుస్తున్నారో ఆలోచించండి. మన దగ్గర చాలా ఇళ్లలో కొడుకు హైదరాబాద్‌లోనో దుబాయిలోనో ఉండి ఇవన్నీ చూసుకుంటాడు, వాడేది ఇక్కడి అమ్మానాన్నలు. అతని కార్డు గడువు తీరితే డబ్బు కట్టడం ఆగిపోతుంది. గూగుల్‌లో అప్పుడు మీకు మిగిలేది ఉచితంగా ఇచ్చే 15 జీబీయే. అది దాటిన స్థితిలో రెండేళ్లు ఉండిపోతే ఉన్నవి కూడా తీసేసే అవకాశం ఉంది. బిల్లు కబురు ఇద్దరికి వచ్చేలా పెట్టుకోండి.

తుఫానుకి సెల్ టవర్లు ఆగిపోతే ఓటీపీ రాదు. ఓటీపీ బదులు వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డు ఉన్నచోటే బీరువాలో ఉంచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడినదాన్ని కొట్టేయండి.

మారిపోయాం కదా అని బ్యాకప్ మానకండి. ఆన్‌లైన్‌లో పొరపాటున డిలీట్ చేస్తే అన్ని ఫోన్లలోనూ పోతుంది. ఒక హార్డ్‌డిస్క్ లోకి అన్నిటికీ కాపీ తీసి, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి, గాలి చొరని కవర్లో పెట్టి, తీరానికి దూరంగా రాజాంలోనో బొబ్బిలిలోనో ఉన్న చుట్టాల ఇంట్లో ఉంచండి. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. డిస్క్‌కి పాస్‌వర్డ్ పెడితే అది ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

కొత్తచోటి నుంచి కొన్ని ఫైళ్లు వేరే ఫోన్‌లో దించి, తెరిచి చూశాకే సర్వర్ ఆపండి. ఆపాక, బయటి నుంచి సర్వర్‌ని చేరడానికి రౌటర్లో తెరిచిన పోర్టులు (దారులు) మూసేయండి. సొంత డొమైన్‌తో (మీరు కొనుక్కున్న ఇంటర్నెట్ పేరుతో) మెయిల్ ఉంటే రెన్యువల్ మాత్రం మానొద్దు, గడువు దాటితే ఆ పేరు ఇంకొకరు కొనుక్కుని మీకొచ్చే ఉత్తరాలు చదవగలరు. పాత డిస్క్ కనీసం సంక్రాంతి దాకా అలాగే ఉంచండి. ఆ తర్వాత అమ్మదలిస్తే క్విక్ ఫార్మాట్ చాలదు, డిస్క్ మొత్తం తిరగరాసే పూర్తి ఫార్మాట్ చేసి ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ అయితే కంపెనీ టూల్‌లో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి.