ఎవరు ఎవరికి కనెక్ట్ అయినారు? (నెట్‌వర్క్ నేర్చుకుందాం, 3వ పాఠం)

పోయిన పాఠంలో పోర్ట్ నంబర్లు (మిషన్లో ఏ ప్రోగ్రామ్‌కి పోవాలో చెప్పేవి) 65535 దాకా ఉంటాయని చూసినాం కదా, ఈసారి వాటి మీద ఎవరు ఎవరితో మాట్లాడతా ఉండారో పట్టుకుందాం. లైనక్స్ టెర్మినల్‌లో సుడో ఎస్ఎస్, ఒక స్పేస్, మైనస్ టీఎల్ఎన్‌పీ అని కొట్టండి. సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం, ఎస్ఎస్ అంటే కనెక్షన్ల లిస్టు చూపించే కమాండ్. టీ అంటే టీసీపీ (ముందు కనెక్షన్ కట్టుకోని మాట్లాడే పద్ధతి), ఎల్ అంటే లిజనింగ్‌వి మాత్రమే, ఎన్ పెడితే పేర్లు కాకుండా నంబర్లే వస్తాయి, పీ పెడితే ఏ ప్రోగ్రామో చూపిస్తాది. సుడో లేకుంటే వేరే యూజర్ల ప్రోగ్రాముల పేర్లు రావు, మళ్లీ నన్ను అడగొద్దు.

లిజన్ అని ఉంటే సర్వీస్ కాచుకోని కూర్చుందని. తిరుపతి విష్ణునివాసంలో దర్శనం టోకెన్ కౌంటర్ తెరిచి ఉండడం వేరు, మీరు పోయి దాని ముందర నిలబడడం వేరు. మీరు నిలబడింది ఎస్టాబ్లిష్డ్. ఎల్ తీసి ఏ పెడితే రెండూ కనిపిస్తాయి. 3306 (మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మామూలుగా వాడే పోర్ట్) నాలుగు లైన్లలో వస్తే నాలుగు మైఎస్‌క్యూఎల్‌లు నడస్తా ఉండాయని కంగారు పడొద్దు. రెండు పక్కల ఐపీలు (మిషన్ల అడ్రస్‌లు), రెండు పక్కల పోర్టులు, నాలుగూ కలిస్తేనే ఒక కనెక్షన్. మన పక్క 3306 ఉండి అది లిజన్ లిస్టులో కూడా ఉంటే అవతలోళ్లే మనకి కనెక్ట్ అయినట్టు. క్లయింట్‌కి లైనక్స్ మామూలుగా 32768 నుంచి 60999 లోపల ఏదో ఒక పోర్ట్ ఇస్తాది.

ఇంక అసలు కథ. రైల్వే స్టేషన్ దగ్గర మా మామకి చిన్న లాడ్జి ఉంది. "అల్లుడూ, రిసెప్షన్‌లో బుకింగ్ వస్తాది, పైన ల్యాప్‌టాప్‌లో రాలేదు, ఏమబ్బా ఇది" అని ఫోన్. పోయి రిసెప్షన్ మిషన్లో ఎస్ఎస్ కొట్టి చూస్తే బుకింగ్ ప్రోగ్రామ్‌కి 127.0.0.1:8080 అని ఉంది, 127.0.0.1 అంటే ఆ మిషన్ తనకి తానే. అంటే తలుపు తెరిచే ఉంది గానీ ఇంట్లోవాళ్లకే, బయటోడు వస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్. సెట్టింగ్‌లో 0.0.0.0 (మిషన్‌కి ఉన్న అన్ని అడ్రస్‌ల మీదా వినమని) చేసి రీస్టార్ట్ కొట్టినా. (పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరే అడ్రస్ ఉన్న మిషన్లో డేటాబేస్‌కి ఇట్లా చేస్తే మాత్రం కొంప కొల్లేరే.) అయినా రాలేదు, కానీ ఈసారి ఎర్రర్ లేదు, ఊరికే తిరగతా ఉంది. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్ కొడితే సిన్ సెంట్ అని ఆగిపోయింది, అంటే పిలస్తా ఉంది, జవాబు లేదు. అప్పుడే అర్థమైపోయింది ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్ వదలాలో ఆపాలో చూసే కాపలా) మింగేస్తా ఉందని. 8080 వదలమని రూల్ పెట్టినా, వచ్చేసింది, మామ కాఫీ ఇచ్చినాడు.

టైమ్ వెయిట్‌లు (మూసేసినాక కొంచేపు లిస్టులో మిగిలే కనెక్షన్లు) గుంపుగా కనిపిస్తే భయపడొద్దు, లైనక్స్‌లో 60 సెకన్లకి అవే పోతాయి. క్లోజ్ వెయిట్ పెరగతా పోతే మాత్రం అవతలోళ్లు మూసేసినా మన ప్రోగ్రామ్ కనెక్షన్ మూయడం మర్చిపోతా ఉందని.

హోంవర్క్: బ్రౌజర్‌లో ఒక సైట్ తెరిచి, 443కి (https సైట్ల పోర్ట్) పోయే లైన్లు ఎన్ని వస్తాయో లెక్కబెట్టండి. ఒకటే వస్తాదనుకుంటా ఉంటే ముందే పందెం కట్టొద్దు. వచ్చే పాఠంలో టీసీపీడంప్, నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని చూపించే టూల్.