ఏడో నెల రాకముందే పళ్ల డాక్టరు దగ్గరకు ఒకసారి వెళ్లి రండి

మన వైపు తొలి కాన్పు లెక్క అందరికీ తెలిసిందే. ఐదో నెలలో చలిమిడి, ఏడో నెలలో శ్రీమంతం, ఆ వెంటనే పుట్టింటికి ప్రయాణం, కాన్పయ్యాక మూడో నెల దాకా గడప దాటనివ్వరు. ఈ లెక్కలో స్కానింగులు ఉంటాయి, ఐరన్ మాత్రలు ఉంటాయి, గాజులు కూడా ఉంటాయి. పళ్లు మాత్రం ఉండవు. పన్ను నొప్పి అని నోరు తెరిస్తే "నీళ్లోసుకున్న మనిషివి, ఇప్పుడు పళ్ల జోలికి పోవద్దు, కాన్పయ్యాక చూద్దాంలే" అంటారు. మా జేజి అదే అంది, మా అమ్మ అదే అంది, నేనూ నమ్మాను.

నాకు నాలుగో నెలలో బ్రష్ చేస్తుంటే రక్తం వచ్చింది. భయపడి బ్రష్ పక్కన పెట్టేసి వేలితో పళ్లపొడి రుద్దుకోవడం మొదలుపెట్టాను, అదే నేను చేసిన మొదటి తప్పు. ఎనిమిదో నెలలో కనిగిరి దగ్గర మా అమ్మ వాళ్ల ఊళ్లో ఉన్నప్పుడు ఒక రాత్రి దవడ పన్ను నొప్పి లేచింది చూడండి, కాన్పు నొప్పులే నయం అనిపించింది (తర్వాత కాన్పు నొప్పులు వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను). లవంగం పెట్టారు, తగ్గలేదు. తెల్లారి మెడికల్ షాపులో అడిగితే రెండు రకాల మాత్రలు ఇచ్చారు. అదృష్టం బాగుండి మింగేముందు మా కాన్పుల డాక్టరమ్మకు ఫోన్ చేసి పేర్లు చదివాను, అందులో ఒకటి డైక్లోఫెనాక్. ఆవిడ ఎంత తిట్టిందో చెప్పలేను.

అందుకే మాత్రల సంగతి ముందే చెప్తున్నా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. ముఖ్యంగా ఇరవై వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు, ఇంకా ఆలస్యంగా వాడితే బిడ్డ గుండె దగ్గరుండే ఒక రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లు వాడితే పుట్టబోయే బిడ్డ పాలపళ్లకు రంగు పడే ప్రమాదం ఉంది. నొప్పికి మామూలుగా రాసేది పారాసెటమాల్, ఇన్ఫెక్షన్ ఉంటే ఎక్కువగా అమాక్సిసిలిన్, అవి కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే. పంటి కింద కర్పూరం, పొగాకు ముక్క పెట్టుకోవడం అసలు వద్దు. లవంగం నూనె కూడా ఎక్కువైతే చిగురును కాలుస్తుంది.

ఇక రక్తం ఎందుకొస్తుందో చూద్దాం. గర్భంలో హార్మోన్లు పెరిగి చిగుళ్లకు రక్తం ఎక్కువగా చేరుతుంది, అవి మెత్తబడి ఉబ్బుతాయి, పళ్ల మొదట్లో కాస్త పాచి ఉన్నా మామూలు రోజుల్లో పట్టించుకోని చిగురు ఇప్పుడు ఎర్రబడి రక్తం కారుస్తుంది. రెండో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా పెరుగుతూ పోవచ్చు. అసలు దోషి ఆ పాచి. రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే పాచి పేరుకుంటుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది, నాకు జరిగింది అదే. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోముకోండి. రెంటిలో ఒకటే కుదురుతుందంటే రాత్రిది వదలొద్దు, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. కొందరికి రెండు పళ్ల మధ్య చిగురు మీద ఎర్రగా చిన్న గడ్డలాగా లేస్తుంది. క్యాన్సరేమో అని టెన్షన్ పడకండి, చాలామందికి కాన్పయ్యాక దానంతట అదే పోతుంది, కానీ ఒకసారి చూపించుకోండి.

"బిడ్డ మన పళ్లలోంచి క్యాల్షియం లాగేసుకుంటుంది, కాన్పుకో పన్ను పోతుంది" అనే మాట కూడా వింటుంటాం. పళ్లలోని క్యాల్షియం అలా కరిగి బయటికి రాదు. తిండిలో క్యాల్షియం చాలకపోతే బిడ్డకు కావలసింది ఎముకల్లోంచి పోతుంది. పళ్లు పాడయ్యేది వాంతుల వల్ల, మాటిమాటికీ తినడం వల్ల, తోమకపోవడం వల్ల.

వాంతుల దగ్గర ఒక జాగ్రత్త. వేవిళ్లతో కక్కుకున్న వెంటనే నోరు పులుపుగా ఉందని బ్రష్ తీసుకుంటాం కదా, ఆ పని చేయొద్దు. కడుపులోని ఆమ్లంతో పంటి పైపొర అప్పటికే మెత్తబడి ఉంటుంది, దాన్ని రుద్దితే అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి, సోడా లేకపోతే ఉత్త నీళ్లయినా చాలు. అరగంట ఆగి తోముకోండి. పొద్దున్నే బ్రష్ నోట్లో పెడితేనే కడుపులో తిప్పుతుంటే చిన్న పిలకాయల బ్రష్ వాడండి, పేస్టు వాసన పడకపోతే మార్చండి, లేదా కాసేపు ఆగి తోముకోండి. నాలుక బద్దతో గొంతు దాకా గీకి, ఊరంతా వినపడేలా కాండ్రించే అలవాటు మన ఇళ్లలో ఉంది చూశారూ, ఆ తొమ్మిది నెలలూ దానికి సెలవు ఇవ్వండి.

తిండి విషయానికొస్తే, వికారానికి నిమ్మకాయ మంచిదే, గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మనకు కొరత కాదు. వాసన చూడండి, మజ్జిగలో పిండుకోండి, అంతేగానీ ముక్క చప్పరిస్తూ పంటి మీద పెట్టుకుని కూర్చోకండి. చింతపండూ అంతే. చలిమిడి, మలైకాజా తినొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. భోజనంతో పాటు తినేసి నోరు కడుక్కోండి, రోజంతా ముక్కముక్కగా నోట్లో వేసుకుంటేనే పుచ్చుతాయి. బలపాలు, పచ్చిబియ్యం, ఇటుక ముక్క తినాలనిపిస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, చాలాసార్లు దాని వెనక రక్తహీనత ఉంటుంది, పైగా పళ్లు అరుగుతాయి. ఇక పొగాకు పండే నేల మనది, పంటికి ముక్కుపొడి రాసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పొగాకు చుట్టగా తాగినా, నమిలినా, చిగురుకి రాసినా బిడ్డ బరువు తగ్గవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? వీలుంటే నాలుగు, ఐదు, ఆరు నెలల్లో. అప్పటికి వాంతులు తగ్గుతాయి, పొట్ట ఇంకా కుర్చీలో పడుకోనిస్తుంది. అంటే శ్రీమంతానికి ముందే, అత్తగారింట్లో ఉండగానే. గార తీయించుకోవడం, పుచ్చు పూడ్పించుకోవడం, అవసరమైతే పన్ను తీయించుకోవడం, రూట్ కెనాల్ కూడా చేయించుకోవచ్చు. మొద్దుబారడానికి ఇచ్చే లిగ్నొకేన్ ఇంజెక్షన్ వల్ల బిడ్డకు హాని లేదు. పంటి ఎక్స్‌రే తప్పనిసరైతే తీయించుకోవచ్చు, పొట్ట దాకా చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. చివరి నెలల్లో వెళ్తే వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు, బిడ్డ బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టమని అడిగి కాస్త ఎడమకు ఒరగండి. అన్నిటికంటే ముందు "నాకు ఇన్నో నెల" అని చెప్పండి, తల్లీబిడ్డ కార్డు, మందుల చీటీ చేతిలో పెట్టండి, షుగర్ ఉంటే అదీ చెప్పండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా నెలల లెక్క చూడకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చిగుళ్ల జబ్బు ఎక్కువగా ఉన్న తల్లులకు నెలలు నిండని కాన్పులు కూడా ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెప్పాయి. అలాగని పళ్లు క్లీన్ చేయించుకుంటే ఆ కాన్పులు ఆగుతాయని మాత్రం తేలలేదు. ఎవరైనా అలా చెప్పి భయపెట్టి డబ్బు గుంజితే నమ్మకండి. మీ నొప్పి తగ్గడానికీ, నాలుగు ముద్దలు నమిలి తినగలగడానికీ చేయించుకోండి, ఆ కారణం చాలు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు ఎవరూ నోరు చూడకపోతే మీరే "చిగుళ్ల నుంచి రక్తం వస్తోందండీ" అనండి, పళ్ల విభాగానికి ఎక్కడికి పోవాలో అడగండి.

కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు పుట్టిల్లు ఉన్నవాళ్లకు ఇంకో మాట. అక్కడి చాలా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్లే దొరకని చోట 1.5 దాకా పరిమితి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. శుద్ధి చేసిన నీళ్లే తాగండి, వంటకూ అవే వాడండి. బిడ్డకు డబ్బా పాలు కలపాల్సి వస్తే ఇది ఇంకా ముఖ్యం, పాలపళ్లు ఊడాక వచ్చే ముందరి పళ్లు చిగురు కింద చాలావరకు తయారయ్యేది పుట్టిన మొదటి కొన్నేళ్లలోనే, అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే వాటి మీద మచ్చలు పడతాయి. ఫ్లోరైడ్ పేస్టు కూడా మానాలా అని మా చెల్లెలు అడిగింది. అక్కర్లేదు, దాన్ని ఉమ్మేస్తాం కదా.

కాన్పయ్యాక చన్నీళ్లు తగలకూడదంటారు కాబట్టి గోరువెచ్చని నీళ్లతో తోముకోండి, ఆ నెలల్లో మానేసేవాళ్లే ఎక్కువ. బిడ్డకు అన్నం మొదలుపెట్టాక మీరు ఎంగిలి చేసిన చెంచానే నోట్లో పెట్టకండి, పళ్లు పుచ్చే క్రిములు తల్లి నోటి నుంచి బిడ్డకు చేరవచ్చు. ఈ మాట జేజికి చెప్పేటప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పండి, మా ఇంట్లో వారం రోజులు అలిగింది.